అబద్ధాలు వినడం నేర్చిన డాక్టరమ్మ

మా ఊళ్ళో కోతలు కోసేవాళ్ళకి ఎప్పుడూ కొదవలేదు. కానీ కోతలు కోయమని మనిషిని ఇంటికి పిలిచి, కుర్చీ వేసి, టీ పోసి, "ఊఁ, కానివ్వండి" అన్న వేసవి నా ఎరుకలో ఒక్కటే వచ్చింది. మా ఇంట్లో ఉండే జుసారా మూడోసారి డాక్టరు పరీక్షకు వెళ్ళిన ఏడు అది. ఆ వేసవి వాన కూడా మా మాటలు వినడానికి కిటికీ దగ్గర ఆగి, కురవడం మర్చిపోయింది. ఏడాది పొడుగునా తడిసే మేయో జిల్లాలో అదెంత వింతో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

నా పేరు మాటీ లవెల్. కిల్‌మొర్రన్‌లో మాకు పదిహేను ఆవులు, రాళ్ళు ఎక్కువా మట్టి తక్కువా అయిన కాస్త పొలం ఉన్నాయి. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా అక్క డీలియా అందరికీ చెబుతుంది. ఏ సగం తీసెయ్యాలో మాత్రం ఆవిడకీ తెలీదు. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. నన్ను చేసుకుంటామని వచ్చిన పిల్లల వరస మా గేటు నుంచి చర్చి దాకా ఉండేసరికి, ఎవర్ని ముందు పిలవాలో తేలక నాది ఆగిపోయింది. అక్కది ఎందుకు ఆగిందో ఆవిడ చెప్పదు, నేను అడగను.

జుసారా మా మేడ మీద గదిలో అద్దెకుండేది. బ్రెజిల్ మనిషి. అక్కడ గోయాస్ అనే చోట పదేళ్ళపాటు పశువుల డాక్టరుగా పనిచేసింది. ఇక్కడికొచ్చాక మాత్రం టౌన్లో మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుని ఎముకల మీంచి మాంసం కోస్తూ ఉండేది. బతికున్న ఆవుని బాగుచెయ్యడానికి ఆమె పట్టా ఇక్కడ చెల్లదు. చచ్చిన ఆవుని కోయడానికి పట్టా అక్కర్లేదు.

వాళ్ళ ఊళ్ళో ఆవులకి వీపు మీద ఇంతెత్తు మూపురం ఉంటుందట. ఆ జాతి పేరు నెలోర్ అట. ఎప్పుడో తాతల నాడు తూర్పు దేశాల నుంచి ఓడల్లో తెచ్చి దింపారట. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను టోపీ తీసి, "అక్కా, మనింట్లోకి కోతల్లో నన్ను మించినది దిగింది" అన్నాను. జుసారా ఫోన్ తీసి బొమ్మ చూపించింది. తెల్లగా, ఠీవిగా, నిజంగానే మూపురంతో నిలబడి ఉంది ఆవు. ఫోన్లో బొమ్మలు ఎలాగైనా చేస్తారు కనక నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు.

చదివిన చదువంతా ఇంగ్లిష్‌లోకి మార్పించి, ముద్రలు వేయించి, డబ్లిన్‌లో పశువైద్యుల మండలికి పంపింది పాపం. ఇంగ్లిష్ పరీక్ష రాసి గట్టెక్కింది. ఆవుల పరీక్ష, గుర్రాల పరీక్ష, మందుల పరీక్ష, అన్నీ అయ్యాయి. ఒక్క గది మిగిలింది. ఆ గదిలో పశువు ఉండదు. నటుడొకడు పశువు యజమానిలా కూర్చుంటాడు. అతనితో మాట్లాడి జబ్బు సంగతి రాబట్టాలి, చెప్పాల్సింది అతనికి చెప్పాలి. మూలన కూర్చున్నవాళ్ళు మార్కులు వేస్తారు. ఆ గదిలో రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇంక ఆ గడప తొక్కనివ్వరు. ఇంక జీవితమంతా ఆ కత్తి, ఆ ఎముకలే.

రెండోసారి తప్పిన కబురు జూన్‌లో వచ్చింది. ఆ సాయంత్రం అక్క వండిన పందిమాంసం, క్యాబేజీ జుసారా పళ్ళెంలో చల్లారిపోతున్నాయి.

"ఈసారి ఏం చేశావే?" అంది అక్క.

"ఏం చెయ్యలేదమ్మా. ఆయన చెప్పింది నమ్మాను. ఆవుకి ఎలా ఉందండీ అంటే, 'కొంచెం నెమ్మదిగా ఉంది, పెద్దగా ఏం లేదు' అన్నాడు. పెద్దగా ఏం లేదన్నాడు కదా అని, రెండు రోజులు చూద్దాం అన్నాను."

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"కొంచెం నెమ్మదిగా ఉంది అన్నాడా?" అన్నాను.

"అవును."

"అయితే ఆవు పోయినట్టేనే. ఆ మాట వింటే మేం మందుల పెట్టె పట్టుకెళ్ళం. పార పట్టుకెళ్తాం."

"మరి ఆ ముక్కే చెప్పొచ్చు కదా, మాటీ గారూ?"

ఆ ప్రశ్నకి మా దేశంలో జవాబు లేదు. మా నాన్న కొండ మీంచి జారి కాలు రెండు చోట్ల విరగ్గొట్టుకుని, అటుగా వచ్చిన పాదిరి ఏమైందని అడిగితే, "ఇవాళ నడక అంత సుఖంగా లేదు ఫాదర్" అన్నాడు. అంతటి వంశం మాది.

"మరి మొదటిసారి ఎందుకు తప్పావు?" అని అడిగింది అక్క.

"అప్పుడు నేనే మాట్లాడాను. 'మీ కుక్కకి కడుపులో కణితి ఉంది. బతకదు. రేపు పొద్దున్న తీసుకురండి, నొప్పి లేకుండా పంపించేస్తాను' అన్నాను. మా ఊళ్ళో అలాగే చెప్పాలి. నీళ్ళు నమిలితే డాక్టరుకి పని రాదనుకుంటారు."

అక్క చేతులు తుడుచుకుని కూర్చుంది. "మన ఆవుల్ని చూసే క్విగ్లీ డాక్టరు క్రిస్మస్‌కి మానేస్తున్నాడు. ఆయన తర్వాత మనకి దిక్కెవరు? నలభై మైళ్ళ అవతల నుంచి ఎవడొస్తాడు?" అని, నా వైపు తిరిగింది. "దీనికి కావాల్సింది ఇంగ్లిష్ పంతులు కాదురా. మంచి కోతలరాయుడు. దేవుడి దయవల్ల ఇంట్లోనే ఒకడున్నాడు. ఇన్నాళ్ళూ దండగ తిండి తిన్నావు, ఇప్పుడు కాస్త పనికిరా."

మర్నాడు సాయంత్రం బడి మొదలైంది. నేను పెరటి తలుపులోంచి బయటికెళ్ళి, టోపీ ముందుది వెనక్కి తిప్పి పెట్టుకుని, మా ఇంటి తలుపు నేనే తట్టాను. టోపీ తిప్పితే నేను మాటీని కాను, పశువు గల పరాయివాణ్ణి. అదీ లెక్క. అక్క గుడ్లు ఉడికాయని మోగే గంట ముందు పెట్టుకుని, అల్లిక పట్టుకుని, డబ్లిన్ మండలి మొత్తం తానే అయినట్టు మూలన కూర్చుంది.

"రండి, కూర్చోండి. మీ పశువుకి ఏమైంది?" అంది జుసారా.

"ఏం కాలేదమ్మా. మేక. ట్రాక్టరు తాళంచెవి మింగింది. అప్పట్నుంచి పొద్దున్నే దాని చెవి మెలిపెడితే చాలు, ట్రాక్టరు దానంతటదే బయల్దేరుతోంది. పని సులువైంది. మా ఆవిడ ఊరుకోక నన్ను పంపింది."

జుసారా చాలాసేపు నా మొహంలోకి చూసింది. "మీరు అబద్ధం చెబుతున్నారు."

అక్క గంట కొట్టింది. "తప్పావు."

"అమ్మా, ఆయన నిజంగానే అబద్ధం చెబుతున్నాడు."

"చెబుతాడు. కానీ మొహమ్మీద అంటే లేచి పోతాడు. మేక ఇంటి దగ్గర చస్తుంది. మళ్ళీ రారా లోపలికి."

నేను మళ్ళీ బయటికెళ్ళాను. ఆ మొదటి వారం నేను తలుపు ఎన్నిసార్లు తట్టానంటే, తలుపుకి నా వేళ్ళు గుర్తుపట్టడం వచ్చి తట్టకుండానే తెరుచుకునేది. ఒకనాడు గుడ్డి గుర్రం గల పెద్దమనిషిని. ఒకనాడు కోళ్ళ ఆసామిని. మా దగ్గర గాలి ఎంత గట్టిగా వీస్తుందంటే, గాలికి ఎదురు నిలబడ్డ కోడి పెట్టిన గుడ్డు వెనక్కెళ్ళిపోయి మళ్ళీ పెట్టాల్సి వస్తుందని ఆసామి గోల. జుసారా ఒక్కోసారి విసిగి బల్ల మీద చెయ్యి వేసి కొట్టేది. ఒక్కోసారి నవ్వాపుకోలేక ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకునేది. నవ్వినా తప్పినట్టే అంది అక్క. ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కత్తి పట్టిన మనిషి, ఇంటికొచ్చి ఇంత గడ్డం ముసలాడి మేక కబుర్లు వింటోందంటే ఆమెకి ఆ పట్టా ఎంత కావాలో మీరే చూసుకోండి.

కిటుకు ఆమెకి ఎవరూ నేర్పలేదు. తనంతట తనే పట్టింది. ఆ రోజు నేను పాలు తగ్గిన ఆవు గలవాణ్ణి. ఎంత గుచ్చి అడిగినా "బాగానే ఉంది, ఏదో కాస్త" అని తప్ప నా నోట్లోంచి ఏమీ రాలనివ్వలేదు. జుసారా కిటికీలోంచి చూసింది. ఆకాశం గురించి ఓ మాట అంది. నా కప్పులో టీ పోసింది. తర్వాత ఏదో మాటవరసకన్నట్టు, "మీ పక్కింటాయన ఆవులు ఎలా ఉన్నాయండీ?" అంది.

"వాడివా?" నేను ముందుకి జరిగాను. "వాడి ఆవు నాలుగు కాళ్ళ మీద నిలబడితే పేపర్లో వేస్తారమ్మా. మేత చూడడు, తొట్టి కడగడు. ఆ నీళ్ళమీద పాచి ఎంత మందమంటే పిల్లి నడిచి అవతలికి పోతుంది. పొదుగులు వాచి..."

"అయ్యో. మీ ఆవు కూడా ఆ తొట్టిలోనే తాగుతుందా?"

నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అక్క గంట కొట్టలేదు. అల్లిక ఒళ్ళో పెట్టుకుని, "ఒరే మాటీ, నువ్వు పుట్టాక మాట లేకుండా కూర్చోవడం నేను చూడలేదురా" అంది.

ఇంక ఆ సంగతి ఊళ్ళో పాకింది. జూలైలో గడ్డి కోతలు అయ్యేసరికి మా పెరటి తలుపు దగ్గర సాయంత్రమయ్యేసరికి మనుషులు. ఎవరికివారే, నేనొక అబద్ధం తెచ్చాను, డాక్టరమ్మ ఉందా అని. ఓ ముసలామె జపమాల తిప్పుతూ రోజరీ చెప్పే పిల్లిని తెచ్చింది, అంటే మాటల్లో తెచ్చింది. అక్క ఓపిగ్గా సోడా రొట్టె కోసి పెట్టేది. మా కొండ అవతల ఒంటరిగా ఉండే సోనీ గాహన్ వచ్చి, తన కుక్క తిండి మానేసిందన్నాడు. సోనీకి కుక్క లేదని అందరికీ తెలుసు. జుసారా ఆ లేని కుక్కని వదల్లేదు. ఏం తినేది, ఎవరు వండేవారు, ఎప్పట్నుంచి మానేసింది అని నిదానంగా అడిగింది. "మా అమ్మ పోయిన దగ్గర్నుంచి" అన్నాడు సోనీ. అని, టోపీ మళ్ళీ ముందుకి తిప్పి పెట్టుకుని, టీ పూర్తిగా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆదివారం నుంచి అక్క వండే కుండ కాస్త పెద్దదైంది. మధ్యాహ్నం సోనీ అటుగా ఏదో పనిమీద వచ్చినట్టు వచ్చేవాడు. మేమూ ఏదో పనిమీద వచ్చాడన్నట్టే కుర్చీ జరిపేవాళ్ళం.

సెప్టెంబర్‌లో మా జిల్లా ఫుట్‌బాల్ ఫైనల్ వచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నానికి కిల్‌మొర్రన్‌లో కాళ్ళున్నవాళ్ళందరూ మ్యాచ్‌కి పోయారు. క్విగ్లీ డాక్టరు కూడా. జుసారా పరీక్ష ఇంకో పదిరోజుల్లోకి వచ్చింది.

మా ఎర్ర తొలిచూలు పెయ్య పొద్దుట్నుంచి కొట్టంలో ముక్కుతోంది. నేను చూసి, లోపలికొచ్చి, బల్ల దగ్గర నిలబడ్డాను.

"ఎర్రది కొంచెం నెమ్మదిగా ఉంది," అన్నాను.

"ఆదివారం కూడా పాఠమేనట్రా? చర్చి బట్టలైనా మార్చుకోనీ" అంది అక్క.

జుసారా నా వైపు చూసింది. తలమీద చూసింది. "పాఠం కాదమ్మా. ఆయన టోపీ తిప్పలేదు," అని లేచింది. "కథ కూడా ఏం చెప్పలేదు."

కోటు తగిలించుకుని ముందు ఆమే నడిచింది.

కొట్టంలో పెయ్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రెండు గిట్టలు బయటికొచ్చాయి. వాటి వెనక రావాల్సిన మూతి రాలేదు. క్విగ్లీ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నలభై మైళ్ళ అవతలి డాక్టరుకి చేస్తే వేరే ఊళ్ళో ఉన్నానన్నాడు.

"నువ్వు చెయ్యి పెట్టవే" అన్నాను నేను. "ఎవరు చూస్తారు? ఊరంతా మ్యాచ్‌కి పోయింది."

జుసారా చేతులు రెండూ కోటు జేబుల్లోకి దోపుకుంది. "పట్టా లేకుండా నేను చెయ్యి పెట్టకూడదు. పెట్టానా అని డబ్లిన్‌లో ఎవరైనా అడిగితే చెప్పాలి. మీలాగా చెప్పడం నాకు రాదు, మాటీ గారూ." కాసేపు పెయ్య వైపు చూసింది. "ఇంటివాళ్ళు పురుడు పొయ్యొచ్చు. అది తప్పు కాదు."

"నా భుజం ఇంత ఎత్తుకి లేవదే."

"మీరు కాదు," అంది. ఆమె చూపు మా అక్క చేతుల మీద ఉంది. అక్క చేతులు సన్నం, పొడుగు. చిన్నప్పుడు జామ్ సీసా అడుగున మిగిలింది నాకు తీసి పెట్టేది ఆ చేతులతోనే.

"నేనా?" అంది అక్క. "నేను కోళ్ళని తప్ప దేన్నీ ముట్టినదాన్ని కాను."

"భయంగా ఉందా అమ్మా?"

"భయమేం లేదు."

జుసారా తలుపులోంచి ఆకాశం చూసింది.

"పక్కింటావిడైతే ఈపాటికి పారిపోయుండేది," అంది అక్క. అని, నీలం చర్చి జాకెట్టు చేతులు పైకి మడిచి, "సబ్బేదిరా" అంది.

నేను తోక పట్టుకున్నాను. నా వంతు అంతే.

"ఏం తగులుతోందో చెప్పండమ్మా. తొందర లేదు."

"కాలు. ఇది రెండో కాలు. తల లేదు. జుసారా, దీనికి తల లేదే."

"ఉంటుంది. పక్కకి తిప్పుకుని పడుకుంది. ముందు దూడని కాస్త లోపలికి నెట్టండి, మనకి చోటు కావాలి. పెయ్య ముక్కినప్పుడు ఆగండి. చెయ్యి నలుగుతుంది, అయినా తియ్యొద్దు. అది ఆగాక మీరు కదలండి."

పెయ్య ముక్కింది. అక్క కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి ఏదో అంది. చర్చి నుంచి వచ్చిన రోజున అనాల్సిన మాట కాదది.

"ఆగిందా? ఇప్పుడు మెడ వెంబడి వెళ్ళండి. మెత్తగా ఏమన్నా తగిలితే చెప్పండి."

"చెవి. చెవేనే ఇది."

"చాలా బాగుంది. చెవి దాటి రండి. గుంట తగులుతుంది, అది కన్ను. దాని కిందే మూతి. మూతిని అరచేతిలో పట్టండి, పళ్ళు తల్లికి గీసుకోకుండా. అక్కడ మిమ్మల్ని ఎవరూ తరమట్లేదు. మీకు వీలైనప్పుడే తిప్పండి."

మధ్యమధ్యలో పెయ్యతో వాళ్ళ భాషలో ఏదో గొణిగేది. మాతో మాత్రం మా మాటే, మా వరసే. తొందర పెట్టదు, తప్పు అనదు, భయపడకు అనదు. బయట గాలికి తలుపు కొట్టుకుంటోంది. జుసారా చేతులు జేబుల్లోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు. మోచేతులు మాత్రం కోటు లోపల అక్క చేతులు ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాయి.

"వచ్చింది," అంది అక్క. "మూతి వచ్చింది."

ఆ తర్వాత తాళ్ళు వేసి, పెయ్య ముక్కినప్పుడల్లా ఇద్దరం లాగితే, దూడ గడ్డిలో పడింది. పడి, కదల్లేదు.

"మాటీ గారూ, గడ్డిపోచ. దాని ముక్కులో."

ముక్కులో పోచ పెట్టి తిప్పాను. అది తుమ్మిన తుమ్ముకి నా టోపీ ఎగిరి పక్క పొలంలో పడింది. దీంట్లో సగం తీసెయ్యక్కర్లేదు, మూడో వంతు తీస్తే చాలు.

పెయ్య వెనక్కి తిరిగి దూడని నాకడం మొదలుపెట్టాక జుసారా జేబుల్లోంచి చేతులు తీసింది. వేళ్ళు జేబుల అడుగు చించుకుని అస్తరులోకి దిగిపోయి ఉన్నాయి. అక్క చంకల దాకా తడిసి, నీలం జాకెట్టు ఏ రంగో తెలీకుండా పోయి, కొట్టం మధ్యలో నిలబడి తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది, ఎవరివో చేతులన్నట్టు.

పొద్దు వాలే ముందు క్విగ్లీ వచ్చాడు. మేం మ్యాచ్ ఓడిపోయాం, ఆయన మొహం వేలాడుతోంది. దూడని చూశాడు, పెయ్యని చూశాడు, జుసారాని చూశాడు.

"నువ్వేమన్నా ముట్టుకున్నావా అమ్మాయ్?"

"లేదు డాక్టరు గారూ. మాట్లాడానంతే."

"మాట్లాడ్డానికి పట్టా అక్కర్లేదు. కావాలంటే మాటీ ఈపాటికి జైల్లో ఉండాలి" అని, అక్క వైపు తిరిగి టోపీ ఎత్తాడు. పదేళ్ళుగా మా గేటు దాటుతున్న మనిషి మా అక్కకి టోపీ ఎత్తడం నేను చూడలేదు.

పరీక్షకి డబ్లిన్‌కి ముగ్గురం వెళ్ళాం. ఆమెకి తోడుగా అని మేం అనుకున్నాం, మమ్మల్ని చూసుకోవాల్సిన పని ఒకటి పెరిగిందని ఆమె అనుకునుండొచ్చు. బయట బల్ల మీద కూర్చున్నాం. జుసారా వచ్చాక మొహం చూస్తే ఏం తెలీలేదు. రైలు కదిలాక చెప్పింది.

"ముసలి గుర్రం అండీ. మంచి కోటు వేసుకున్న పెద్దమనిషి. గుర్రం ఎలా ఉందంటే, వయసు కదా అన్నాడు. ఇంకేమీ అనలేదు. దానికి పొద్దున్న మేత ఎవరు వేస్తారు అని అడిగాను. అది మా ఆవిడ పని అన్నాడు. అని ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను."

"ఎంతసేపు?" అన్నాను.

"చాలాసేపు. పోయిన మార్చిలో ఆవిడ చనిపోయిందట. అప్పట్నుంచి ఆవిడ కొట్లో పెట్టిన పాత గడ్డే వేస్తున్నాడు. బూజు పట్టింది. ఆవిడ పెట్టింది కదా, తియ్యబుద్ధి కాలేదు. అది చెప్పేసరికే సమయమంతా అయిపోయింది."

"మరి నువ్వు వైద్యం చెప్పలేదా?"

"మందు పేరు ఒక్కటి చెప్పలేదు. 'ఆ గడ్డి ఇవాళ వెయ్యకండి. రేపు పొద్దున్న వస్తాను, మనిద్దరం కలిసి తీసేద్దాం' అన్నాను. గంట కొట్టారు."

అక్క కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. మూడోసారి. ఇంక నాలుగో గడప లేదు. నేను ఒక గుర్రం రైలుతో పందెం కాసి, గెలిచి, స్టేషన్లో టికెట్టు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరిన కథ మొదలుపెట్టాను. వాళ్ళు వినలేదు. ఎదురు సీట్లో ఎవరో పరాయివాడు విన్నాడు.

అక్టోబర్ చివర బంగాళాదుంపలు తవ్వుతున్నాం. జుసారా జేబులో ఫోన్ చిన్నగా మోగింది. తీసి చూసి, తెరవకుండా, మట్టి చేత్తో అక్కకి ఇచ్చింది.

"మండలి నుంచి. మీరు చదవండమ్మా. నేను చదవలేను."

"నా కళ్ళజోడు ఇంట్లో ఉందే. ఒరే, నువ్వు చదువు."

నేను చదివాను. నాకు బడి చదువు తక్కువ, ఒక్కో మాట వేలు పెట్టి చదువుతాను. చదవడం అయ్యాక తలెత్తితే ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. ఇలాంటి అవకాశం మనిషికి బతుకులో ఒక్కసారి వస్తుంది. ఎన్ని రకాలుగా తిప్పి చెప్పొచ్చో అన్నీ వరసగా నా నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ దిగలేదు.

"ప్యాసయ్యావే," అన్నాను.

"ఒరే మాటీ, ఇవాళొద్దురా," అంది అక్క.

"నిజం అక్కా."

"మాటీ గారూ," అంది జుసారా. "దయచేసి."

"దేవుడి తోడు. మా అమ్మ తోడు. ఈ దుంపల తోడు."

ఎన్ని ఒట్లు పెడితే అంత నమ్మకం పోతోంది వాళ్ళకి. చివరికి అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, గౌను ఎత్తి పట్టుకుని, చాళ్ళు దాటుకుంటూ ఇంటివైపు పరుగెత్తింది. మా అక్క పరుగెత్తడం నేను చిన్నప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను. మేమిద్దరం పొలంలో నిలబడ్డాం. జుసారా నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో చెబితే సగం తీసేస్తారు, చెప్పను.

అక్క కళ్ళజోడుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్కడి నుంచే, ఊరికంతకీ వినబడేలా, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివింది. చదివినంతసేపూ మధ్యలో నా వైపు చూసి, "ఔనురా, ఔను" అంటూనే ఉంది.

క్రిస్మస్ దాటాక క్విగ్లీ పాత కారు జుసారాది అయింది. మా వైపు దార్లలో అడుగుకో గేటు. దిగి తెరవడానికి, మళ్ళీ వెయ్యడానికి ఒక మనిషి ఉండాలి అంది అక్క. ఎవరూ అడక్కముందే బూట్లు తొడుక్కుని ముందు సీట్లో కూర్చుంది. మర్నాడు కూడా వెళ్ళింది. ఆ తర్వాత, ఇవాళ వెళ్తావా అని అడగడం నేను మానేశాను. ఒట్టి గేట్లే తెరుస్తున్నానని అందరికీ చెప్పేది. సాయంత్రం ఆ చేతులు చూస్తే గేట్లకి అంత పేడ ఎలా అంటుకుంటుందో నాకు అర్థమయ్యేది కాదు.

మొదటి వారంలోనే ఒకరోజు చీకటి పడే వేళ ఇద్దరూ వచ్చారు. ఎక్కడో కవల దూడలట, రెండూ బతికాయట, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను ఎదురుచూసి ఎదురుచూసి ఆకలితో నకనకలాడుతున్నాను. జుసారా బూట్లు విప్పుతోంది. మా అక్క పొయ్యి దగ్గరికి పోలేదు. తిన్నగా వెళ్ళి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టుకుని, టీ కోసం నా వైపు చూసింది.

పోశాను.